గోడ మీద సీనరీ: ఇంగ్లండు ప్రకృతి చిత్రాలు, మన ఇల్లు

పరిచయం

మీ ఇంటి గోడల్ని ఒకసారి పరికించి చూడండి. దేవుడి పటం ఉంటుంది. చనిపోయిన పెద్దల ఫొటో ఉంటుంది. కిరాణా దుకాణం వాళ్లిచ్చిన క్యాలెండరు ఉంటుంది. చాలా ఇళ్లలో వీటితోపాటు ఒక 'సీనరీ' కూడా ఉంటుంది. చెట్లు, వాగు, పెంకుటిల్లు, దూరంగా పొలం, పైన మబ్బులు. అది ఏ ఊరో తెలియదు, గీసినవారెవరో తెలియదు. అయినా ఏళ్ల తరబడి గోడ మీద ఉంటుంది.

ఇలాంటి సీనరీల్లో కొన్ని రెండు వందల ఏళ్లనాటి ఇంగ్లండు చిత్రాలకు అచ్చు నకళ్లు. మరికొన్ని వాటిని చూసి గీసినవి. ఈ పాఠంలో ఆ చిత్రాల్లో ముఖ్యమైన మూడింటిని పరిచయం చేసుకుందాం. అవి కాగితం మీద అచ్చయి సామాన్యుల ఇళ్లకు ఎలా చేరాయో తెలుసుకుందాం. ఒక చిన్న గదిలో అలాంటి పటాన్ని ఎలా ఎంచుకోవాలి, ఎలా కట్టించాలి, ఎక్కడ తగిలించాలి అన్నది కూడా నేర్చుకుందాం.

ఉదాహరణకు సూరత్ నగరంలోని బమ్రోలిని తీసుకుందాం. అది పాండేసరా పారిశ్రామికవాడ పక్కనే ఉంది. చుట్టూ మరమగ్గాల షెడ్లు. తెలంగాణ జిల్లాల నుంచి వలస వచ్చిన నేత కుటుంబాలు సూరత్‌లో చాలా ఉన్నాయి. అక్కడి నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో ప్రాథమిక పాఠశాలలు కూడా నడుపుతోంది. అద్దె గది, పక్క షెడ్డు నుంచి సాంచాల చప్పుడు, గోడ మీద పచ్చని పల్లె బొమ్మ. ఇవి మూడూ ఒకచోట ఎందుకు కలిశాయో ఈ పాఠం చివరికి మీకే అర్థమవుతుంది.

ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తర్వాత మీరు:

• ప్రకృతి దృశ్య చిత్రం అంటే ఏమిటో చెప్పగలుగుతారు.
• కాన్‌స్టబుల్, టర్నర్ గీసిన చిత్రాలను గుర్తుపట్టి వర్ణించగలుగుతారు.
• అసలు చిత్రానికీ అచ్చు పటానికీ తేడా వివరించగలుగుతారు.
• బొమ్మలో ఉన్నదాన్నే కాక, లేనిదాన్ని కూడా ఆలోచించగలుగుతారు.
• మీ గదికి తగిన పటాన్ని కొలతలతో సహా ఎంచుకోగలుగుతారు.

1. సీనరీ అంటే ఏమిటి?

నేల, నీరు, చెట్టు, ఆకాశం ప్రధానంగా ఉన్న బొమ్మను ప్రకృతి దృశ్య చిత్రం అంటారు. వాడుకలో మనం దాన్నే సీనరీ అంటున్నాం. ఇందులో మనుషులు ఉండవచ్చు కాని, బొమ్మ వారి గురించి కాదు. వారు చిన్నగా, ఏదో పనిలో ఉంటారు. చూసేవారి కన్ను ముందు నేల మీదికి, మబ్బు మీదికి పోతుంది.

ఇంగ్లండులో చాలాకాలం ఇలాంటి బొమ్మలకు పెద్ద గౌరవం లేదు. డబ్బున్నవారు తమ ముఖచిత్రాలు గీయించుకునేవారు. థామస్ గెయిన్స్‌బరో (1727–1788) అనే చిత్రకారుడికి పొలాలూ చెట్లూ గీయడం ఇష్టం. కాని అతని జీవనం గడిచింది ముఖచిత్రాలతోనే. అతని తర్వాతి తరంలో వచ్చిన ఇద్దరు, జాన్ కాన్‌స్టబుల్ (1776–1837), జె.ఎం.డబ్ల్యు. టర్నర్ (1775–1851), ఈ స్థితిని మార్చారు. ఒకరు మర యజమాని కొడుకు, మరొకరు లండన్‌లో మంగలి కొడుకు.

2. మూడు చిత్రాలు చూద్దాం

(అ) గడ్డిబండి – కాన్‌స్టబుల్, 1821

ఇంగ్లీషులో దీన్ని 'ద హే వెయిన్' అంటారు. ప్రపంచంలో ఎక్కువగా నకళ్లు అచ్చయిన సీనరీల్లో ఇదొకటి. స్టూర్ అనే చిన్న నదిలో ఒక ఖాళీ బండి ఆగి ఉంది. గుర్రాలు నీళ్లలో నిలబడ్డాయి. బండిలో ఇద్దరు మనుషులున్నారు. ఒడ్డున ఒక కుక్క వారివైపు చూస్తోంది. ఎడమవైపు ఎర్ర పెంకుల ఇల్లు. కుడివైపు చాలా దూరంలో, ఎండ పడిన మైదానంలో గడ్డి కోస్తున్నవారు తెల్లటి చుక్కల్లా కనిపిస్తారు. బండి అక్కడికి గడ్డి తేవడానికి వెళుతోంది.

బండి నీళ్లలో ఎందుకు ఆగింది? ఎండలకు కొయ్యచక్రం ఎండి కుంచించుకుపోతే చుట్టూ ఉన్న ఇనుప పట్టా వదులవుతుంది. చక్రం నీళ్లు తాగితే మళ్లీ ఉబ్బి బిగుసుకుంటుంది. అందుకే ఆపారని చాలామంది వివరిస్తారు. ఎడ్లబండి ఉన్న ఇంట్లో పెరిగినవారికి ఈ సంగతి ఒకరు చెప్పనక్కరలేదు.

ఈ చిత్రంలో గమనించవలసిన ముఖ్య విషయం ఒకటి ఉంది. కాన్‌స్టబుల్ దీన్ని నది ఒడ్డున కూర్చుని పూర్తి చేయలేదు. అప్పటికి అతను లండన్ నగరంలో కాపురం ఉంటున్నాడు. పాత స్కెచ్చులు ముందు పెట్టుకొని, తాను పుట్టి పెరిగిన సఫోక్ జిల్లా నేలను గుర్తుచేసుకుంటూ గీశాడు. బండి ఆకారం సరిగా రావాలని తమ్ముడి ద్వారా ఊరి నుంచి బండి బొమ్మ గీయించి తెప్పించుకున్నాడు. అంటే ఇది నగరానికి వచ్చినవాడు తన ఊరిని తలచుకొని వేసిన బొమ్మ.

1821లో లండన్ ప్రదర్శనలో పెట్టినప్పుడు ఇది అమ్ముడుపోలేదు. తర్వాత ఒక ఫ్రెంచి వ్యాపారి కొన్నాడు. 1824లో పారిస్ ప్రదర్శనలో దీనికి బంగారు పతకం వచ్చింది. ఇప్పుడు ఇది లండన్‌లోని నేషనల్ గ్యాలరీలో ఉంది.

(ఆ) పంటచేను – కాన్‌స్టబుల్, 1826

దీని పేరు 'ద కార్న్‌ఫీల్డ్'. ఇది నిలువు చిత్రం. చెట్ల మధ్య నుంచి ఒక దారి కిందికి దిగుతుంది. ఎర్ర చొక్కా తొడుక్కున్న పిల్లవాడు బోర్లా పడుకొని ఊటనీరు తాగుతున్నాడు. పక్కన గొర్రెల మంద, దాన్ని కాసే కుక్క. దారి చివర తలుపు తెరిచి ఉంది. దాని అవతల పండిన గోధుమ చేను బంగారు రంగులో మెరుస్తుంది.

ఈ దారి కాన్‌స్టబుల్ చిన్నప్పుడు బడికి నడిచి వెళ్లిన దారి. దూరంగా కనిపించే చర్చి మాత్రం అక్కడ లేదు. బొమ్మ నిండుగా ఉండాలని అతనే కలిపాడు. అంటే సీనరీ ఉన్నదాన్ని ఉన్నట్టు చూపే ఫొటో కాదు. చిత్రకారుడు కొన్ని కలుపుతాడు, కొన్ని తీసేస్తాడు. ఈ మాట గుర్తుంచుకోండి. ముందు ముందు పనికివస్తుంది.

(ఇ) పోరాట నౌక చివరి ప్రయాణం – టర్నర్, 1839

'ద ఫైటింగ్ టెమెరేర్' అని దీని పేరు. టెమెరేర్ అనే తెరచాప యుద్ధనౌక 1805లో ట్రఫాల్గర్ యుద్ధంలో పాల్గొంది. ముసలిదయ్యాక 1838లో దాన్ని విరగ్గొట్టి కలప అమ్ముకోవడానికి లాక్కుపోయారు. బొమ్మలో తెల్లగా, దయ్యంలా ఎత్తయిన పాత ఓడ కనిపిస్తుంది. దాని ముందు నల్లటి పొగ వదులుతూ పొట్టి ఆవిరి పడవ. కుడివైపు ఎర్రగా కుంగుతున్న సూర్యుడు. పాత పనితనాన్ని కొత్త యంత్రం లాగుకుంటూ పోవడం ఈ చిత్రంలో విషయం. చేనేత మగ్గం అటకెక్కి సాంచా వచ్చిన ఇంటివారికి ఇది పరాయి కథ కాదు.

పాఠ్యగత ప్రశ్నలు – 1

1. సీనరీలో మనుషులు సాధారణంగా ఎలా కనిపిస్తారు?
2. 'గడ్డిబండి' చిత్రాన్ని కాన్‌స్టబుల్ ఏ నగరంలో ఉండి పూర్తి చేశాడు?
3. 'పంటచేను' చిత్రంలో చిత్రకారుడు స్వయంగా కలిపినది ఏమిటి?

3. పెద్ద చిత్రం చిన్న కాగితం మీదికి ఎలా వచ్చింది?

'గడ్డిబండి' అసలు చిత్రం 185 సెం.మీ. వెడల్పు, 130 సెం.మీ. ఎత్తు ఉంటుంది. ఒక తలుపును అడ్డంగా పెట్టి ఇంకాస్త ఎత్తు పెంచితే ఎంతో అంత. అది ఒక్కటే ఉంది. దాన్ని వేలమంది ఇళ్లకు చేర్చాలంటే అచ్చు కావాలి.

మొదట రాగిరేకు మీద చెక్కి అచ్చు వేసేవారు. అందులో ఒక పద్ధతి పేరు మెజోటింట్. రేకునంతా ముందు గరుకుగా చేస్తారు. అలాగే సిరా పూసి అచ్చు వేస్తే కాగితమంతా నల్లగా వస్తుంది. వెలుగు కావలసినచోట రేకును గీకి నునుపు చేస్తారు. నునుపైనచోట సిరా నిలవదు కాబట్టి అక్కడ తెల్లగా వస్తుంది. డేవిడ్ లూకాస్ అనే చెక్కుడు పనివాడి చేత కాన్‌స్టబుల్ తన చిత్రాలను ఇలా చెక్కించాడు. 1830 నుంచి 1832 దాకా సొంత డబ్బుతో వాటిని ప్రచురించాడు. కాని అవి సరిగా అమ్ముడుపోలేదు.

మరొక పద్ధతి ఆక్వాటింట్. రాగిరేకు మీద జిగురుపొడి చల్లి, వేడి చేసి, ఆమ్లంలో ముంచుతారు. పొడి రేణువుల మధ్య ఆమ్లం తినేసిన సన్నని గుంటల్లో సిరా నిలుస్తుంది. అచ్చు మీద నీటిరంగు కడిగినట్టు మెత్తని నీడలు వస్తాయి. తర్వాత చేత్తో రంగులు వేస్తారు.

పందొమ్మిదో శతాబ్దంలో రంగుల రాతి అచ్చు వచ్చింది. ఒక్కో రంగుకు ఒక్కో రాయి. మన దేశంలో రాజా రవివర్మ 1894లో బొంబాయిలో పెట్టిన ముద్రణాలయం దేవతల బొమ్మలను ఇలా అచ్చు వేసి ఇంటింటికీ చేర్చింది. తర్వాత ఆఫ్‌సెట్ అచ్చు వచ్చింది. శివకాశి క్యాలెండర్లు ఈ పద్ధతిలో అచ్చవుతాయి. ఒక పాత క్యాలెండరును భూతద్దంతో చూడండి. నీలి, గులాబి, పసుపు, నలుపు చుక్కలు విడివిడిగా కనిపిస్తాయి. ఆ నాలుగు రంగుల చుక్కలే కలిసి ఆకాశంగా, చెట్టుగా మన కంటికి తోస్తాయి.

ఇప్పుడు ఇంకో సౌకర్యం ఉంది. మన దేశ చట్టం ప్రకారం చిత్రకారుడు చనిపోయిన 60 సంవత్సరాల తర్వాత అతని చిత్రాలపై కాపీహక్కు ఉండదు. కాన్‌స్టబుల్, టర్నర్ చిత్రాలు ఎవరివైనా కావచ్చు. అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయపు బ్రిటిష్ కళాకేంద్రం తన దగ్గరున్న ఇలాంటి చిత్రాల ఫొటోలను ఉచితంగా తీసుకోనిస్తోంది. సెల్‌ఫోనులోకి దించుకొని, రంగుల ప్రింటు తీసే దుకాణానికి తీసుకుపోతే చాలు.

4. ఇంగ్లీషు కుంచె, మన నేల

ఇంగ్లీషువారు తమ దేశాన్నే కాక మన దేశాన్ని కూడా ఇదే పద్ధతిలో గీశారు. సూరత్‌తో వారి సంబంధం పాతది. ఈస్టిండియా కంపెనీ 1613లో అక్కడ వర్తక స్థావరం పెట్టింది. నాటి ఇంగ్లీషువారి పెద్ద పెద్ద సమాధులు ఆ నగరంలో ఇప్పటికీ ఉన్నాయి.

కంపెనీ ఉద్యోగిగా 1765లో వచ్చిన జేమ్స్ ఫోర్బ్స్ (1749–1819) గుజరాత్‌లోని భరూచ్, డభోయిలలో పనిచేశాడు. కనిపించిన చెట్టునూ పక్షినీ గుడినీ గీసుకున్నాడు. 1813లో వాటిని 'ఓరియెంటల్ మెమాయిర్స్' అనే నాలుగు సంపుటాల్లో అచ్చు వేశాడు. భరూచ్ దగ్గర నర్మదా నది లంకలో ఉన్న కబీర్‌వడ్ అనే మహా మర్రిచెట్టు బొమ్మ అందులో ఉంది. ఆ మర్రి ఊడల్ని చూడటానికి సూరత్ నుంచి ఇప్పటికీ జనం వెళ్తుంటారు.

1780లో మద్రాసు చేరిన విలియం హాడ్జెస్, తర్వాత వచ్చిన థామస్ డేనియల్, అతని అన్నకొడుకు విలియం డేనియల్ దేశమంతా తిరిగి గీశారు. డేనియల్‌లు 1795 నుంచి 1808 దాకా 144 ఆక్వాటింట్ చిత్రాలు అచ్చు వేశారు. లండన్‌లోని ధనికులు మన కోటల్ని, కోనేళ్లను తమ గోడల మీద పెట్టుకున్నారు. కాబట్టి పరాయి దేశపు సీనరీ గోడకు తగిలించుకోవడం మనం మొదలుపెట్టిన అలవాటు కాదు.

తెలుగుదేశంలో ఈ కథకు మంచి మలుపు ఒకటి ఉంది. రాజమహేంద్రవరం ప్రభుత్వ కళాశాలకు ఆస్వాల్డ్ కూల్డ్రే అనే ఇంగ్లీషు చిత్రకారుడు ప్రిన్సిపాలుగా ఉండేవాడు. దామెర్ల రామారావు (1897–1925)లోని ప్రతిభను గుర్తించి ప్రోత్సహించింది ఆయనే. దామెర్ల బొంబాయి వెళ్లి చదువుకున్నాడు. తిరిగి వచ్చి మన మనుషుల్ని, మన గోదావరిని మన కంటితో గీశాడు. 28 ఏళ్లు నిండకుండానే మశూచితో చనిపోయాడు. రాజమహేంద్రవరంలో ఆయన పేరిట ఉన్న చిత్రశాలలో ఆ చిత్రాలను చూడవచ్చు. గురువు నేర్పవలసింది బొమ్మ కాదు, చూపు అని ఈ ఉదాహరణ తెలుపుతుంది.

పాఠ్యగత ప్రశ్నలు – 2

4. మెజోటింట్ పద్ధతిలో వెలుగు భాగం ఎలా వస్తుంది?
5. కబీర్‌వడ్ ఏ నది లంకలో ఉంది?
6. దామెర్ల రామారావును ప్రోత్సహించిన ఇంగ్లీషు చిత్రకారుడు ఎవరు?

5. బొమ్మలో లేనిది

సీనరీ చూస్తే మనసు నెమ్మదిస్తుంది. అందులో తప్పులేదు. అయితే చదువుకున్నవారు ఇంకొక ప్రశ్న కూడా వేయాలి. ఈ బొమ్మ గీసిన కాలంలో అక్కడి కష్టజీవుల బతుకు ఎలా ఉంది?

1815లో నెపోలియన్ యుద్ధాలు ముగిశాక ఇంగ్లండులో ధాన్యం ధరలు పడిపోయాయి. పల్లెల్లో కూలి తగ్గింది, పని దొరకలేదు. 'గడ్డిబండి' ప్రదర్శించిన మరుసటి సంవత్సరం, 1822లో, తూర్పు ఇంగ్లండు పల్లెల్లో కూలీలు నూర్పిడి యంత్రాలను పగలగొట్టారు. కాన్‌స్టబుల్ సొంత జిల్లా కూడా ఆ ప్రాంతంలోనిదే. ఆ కోపం చిత్రంలో ఎక్కడా కనపడదు. గడ్డి కోసేవారు తెల్లని చుక్కల్లా చాలా దూరంలో ఉన్నారు. వారి ముఖాలు మనకు కనపడవు.

ఇంకొక సంవత్సరం చూడండి. 'పంటచేను' గీసింది 1826లో. అదే సంవత్సరం ఏప్రిల్‌లో లాంకషైర్ జిల్లా చేనేతవారు మిల్లుల మీదికి వెళ్లి వెయ్యికి పైగా మరమగ్గాలను ధ్వంసం చేశారు. చాటర్‌టన్ అనేచోట సైన్యం కాల్పులు జరిపింది, మనుషులు చనిపోయారు. ఎడ్మండ్ కార్ట్‌రైట్ 1785లో హక్కు పొందిన మరమగ్గం, మెరుగుపడుతూ, నలభై ఏళ్లలో వారి కూడు లాగేసింది. తర్వాత అవే మిల్లుల నూలు, గుడ్డ ఓడల మీద మన దేశానికి వచ్చి మన నేతవారి మీద పడ్డాయి.

నేత పని దొరకని పల్లె నుంచి వలస వచ్చి, బమ్రోలిలో మరమగ్గం నడుపుతూ, గోడ మీద 1826 నాటి ఇంగ్లండు పల్లెను పెట్టుకున్న కుటుంబాన్ని ఊహించండి. ఆ గోడకు అటు సాంచా, ఇటు చేను. రెండూ ఒకే దేశంలో, ఒకే కాలంలో కలిసి ఉన్నవే. బొమ్మ ఒకదాన్నే చూపింది. రెండోది మనం చదివి తెలుసుకోవాలి.

అలాగైతే ఆ పటం తీసేయాలా? అవసరం లేదు. ఎందుకంటే పటం మనకిచ్చేది ఇంగ్లండు ఒక్కటే కాదు. 1996లో లండన్ నేషనల్ గ్యాలరీలో కాలిన్ పెయింటర్ ఒక ప్రదర్శన నిర్వహించారు. 'పంటచేను' బొమ్మ ఇంట్లో ఉన్న సామాన్యుల్ని వెతికి, ఆ పటాలను, ఆ బొమ్మ ఉన్న వస్తువులను తెచ్చి అసలు చిత్రంతోపాటు ప్రదర్శించారు. అవి వారికి ఎందుకు ఇష్టమో వారి మాటల్లోనే వినిపించారు. పేరున్న చిత్రకారుడు గీశాడని కాదు, ఆ పటం తమ ఇంటివారితో, తమ జ్ఞాపకాలతో ముడిపడింది కనుక అది వారికి విలువైనదయింది.

మన ఇళ్లలోనూ అంతే. ఊరి నుంచి వచ్చిన అత్త పటం చూసి, "ఇది ఏ దేవుని పటం బిడ్డా?" అని అడగవచ్చు. "దేవుడు కాదత్తా, చేను. చూడు, మన ఊట చెలిమె లెక్క లేదూ?" అని కోడలు చెప్పవచ్చు. ఆ మాటతో ఇంగ్లండు చేను వాళ్ల ఊరి చేనయిపోతుంది. కాని ఒక జాగ్రత్త అవసరం. పచ్చదనం, శుభ్రత, అందం పరాయి దేశంలోనే ఉన్నాయని, మన ఊరు బొమ్మకు తగదని అనుకోవద్దు. కాన్‌స్టబుల్ గొప్పతనం ఇంగ్లండును గీయడంలో లేదు. ఎవరూ పట్టించుకోని తన ఊరి కాలువను, మరను, బండిని బొమ్మకు తగినవని నమ్మడంలో ఉంది.

6. మన గదిలో పటం

(అ) ఎంపిక

చిన్న గదికి నాలుగు చిన్న పటాల కంటె ఒక మంచి పటం మేలు. గదిలో కిటికీ లేకపోతే దూరం, ఆకాశం ఎక్కువగా ఉన్న బొమ్మ ఎంచుకోండి. గోడ పొడవుగా ఉంటే అడ్డం బొమ్మ, తలుపుకూ బీరువాకూ మధ్య ఇరుకు చోటైతే నిలువు బొమ్మ బాగుంటుంది. రాత్రి షిఫ్టు చేసి పగలు నిద్రపోయేవారు ఉన్న గదిలో మెరిసే పటం కంటె మందమైన రంగుల పటం కంటికి హాయి.

(ఆ) కొలత

ఏ–3 కాగితం 42 సెం.మీ. పొడవు, 29.7 సెం.మీ. వెడల్పు ఉంటుంది. పొడవును వెడల్పుతో భాగిస్తే 1.41 వస్తుంది. 'గడ్డిబండి' 185ను 130తో భాగిస్తే 1.42 వస్తుంది. రెండూ దాదాపు సమానం. కాబట్టి ఈ చిత్రం ఏ–3 కాగితంలో అంచులు తెగకుండా ఇముడుతుంది. అసలు చిత్రం ఎంత పెద్దదో తెలియాలంటే ఇలాంటి కాగితాలు సుమారు 19 పరచి ఊహించుకోండి.

అన్ని చిత్రాలూ ఇలా ఇమడవు. ఇమడనప్పుడు దుకాణంవారు అంచులు కోస్తారు, లేదా బొమ్మను సాగదీస్తారు. సాగదీస్తే మనుషులు పొట్టిగానో సన్నగానో అవుతారు. "సాగదీయవద్దు, తెల్ల అంచు వదలండి" అని ముందే చెప్పండి.

(ఇ) పటం కట్టించడం

అద్దం బొమ్మకు నేరుగా అంటుకుంటే వానాకాలపు చెమ్మకు కాగితం అద్దానికి అతుక్కుపోతుంది. తర్వాత తీస్తే చిరుగుతుంది. అందుకే బొమ్మ చుట్టూ మందపాటి అట్ట అంచు పెట్టిస్తారు. దాన్ని మౌంటు అంటారు. అది అద్దానికీ బొమ్మకూ మధ్య సందు ఉంచుతుంది, బొమ్మకు ఊపిరాడినట్టు చేస్తుంది. ఏ–3 బొమ్మ చుట్టూ 5 సెం.మీ. మౌంటు పెడితే అద్దం కొలత 52 × 39.7 సెం.మీ. అవుతుంది. వెనుక గట్టి అట్ట పెట్టించి, సందుల్లో పురుగులు దూరకుండా కాగితపు టేపు వేయించండి. ధర రెండు మూడు దుకాణాల్లో అడిగి చూడండి. ఫ్రేము కర్ర వెడల్పును బట్టి ధర మారుతుంది. సన్న కర్ర చవక, సీనరీకి అదే అందం.

(ఈ) తగిలించడం

అద్దె ఇల్లయితే మేకు కొట్టే ముందు ఇంటి యజమానిని అడగండి. పాత మేకు ఉంటే దాన్నే వాడుకోండి. పటం ఎత్తు నిర్ణయించేటప్పుడు మీరు ఇంట్లో ఎక్కువగా నిలబడతారా, కూర్చుంటారా చూసుకోండి. చాప మీద కూర్చునే ఇంట్లో పటం పైకప్పు దగ్గర ఉంటే మెడ నొప్పి తప్ప మరేమీ దక్కదు. కూర్చుని చూసి, చూపు హాయిగా ఆగినచోట పెన్సిలుతో గుర్తు పెట్టండి. అయితే కింది అంతస్తు గదులవారు మరీ కిందికి దించవద్దు. సూరత్‌లో 2006 ఆగస్టు వరదలో నగరంలో చాలా భాగం నీట మునిగింది.

సాంచాల షెడ్డుకు ఆనుకొని ఉన్న గోడ అదురుతూ ఉంటుంది. ఒక్క మేకు కొంతకాలానికి వదులవుతుంది. రెండు మేకులు వేసి, గట్టి తీగతో కట్టండి. పటం కింది మూలల్లో వెనకవైపు పాత రబ్బరు చెప్పు ముక్కలు రెండు అంటించండి. పటం గోడకు కొట్టుకోదు, వెనుక గాలి ఆడుతుంది, చెమ్మ పట్టదు.

(ఉ) జాగ్రత్త

అచ్చురంగులకు ఎండ శత్రువు. చవక అచ్చులో గులాబి, పసుపు రంగులు ముందు వెలిసిపోతాయి. కొన్నాళ్లకు చేను కూడా నీలంగా కనిపిస్తుంది. కాబట్టి ఎండ నేరుగా పడే గోడ వద్దు. పొయ్యి దగ్గర పెడితే నూనె ఆవిరికి అద్దం జిడ్డు పడుతుంది. అద్దం తుడిచేటప్పుడు నీళ్లు అద్దం మీద చల్లవద్దు. గుడ్డ తడిపి తుడవండి. ఏడాదికొకసారి, వానాకాలం వెళ్లాక, పటం దించి వెనుక చూసుకోండి.

పాఠ్యగత ప్రశ్నలు – 3

7. మౌంటు వల్ల ఉపయోగం ఏమిటి?
8. 'పంటచేను' అసలు చిత్రం 143 సెం.మీ. ఎత్తు, 122 సెం.మీ. వెడల్పు. ఏ–3 కాగితం వెడల్పు 29.7 సెం.మీ. నిండా అచ్చు వేస్తే బొమ్మ ఎత్తు ఎంత వస్తుంది? కాగితంలో ఎంత మిగులుతుంది?

సారాంశం

నేల, నీరు, ఆకాశం ప్రధానంగా ఉన్న బొమ్మ సీనరీ. కాన్‌స్టబుల్, టర్నర్ ఇంగ్లండులో దానికి గౌరవం తెచ్చారు. రాగిరేకు, రాయి, ఆఫ్‌సెట్ అచ్చుల వల్ల ఆ బొమ్మలు సామాన్యుల ఇళ్లకు చేరాయి. అదే పద్ధతిలో ఇంగ్లీషువారు మన నేలనూ గీశారు. దామెర్ల వంటివారు ఆ చూపును మనదిగా చేసుకున్నారు. అందమైన పల్లె బొమ్మ ఆ కాలపు కూలీల, నేతవారి కష్టాన్ని చూపదు. అది మనం చదివి తెలుసుకోవాలి. పటాన్ని కొలత, వెలుగు, చెమ్మ చూసుకొని పెట్టుకుంటే చిన్న గదికి ఒక కిటికీ తోడైనట్టే.

పదాలు – అర్థాలు

పరికించి = జాగ్రత్తగా గమనించి
నకలు = ఒకదాన్ని చూసి చేసిన ప్రతి
సాంచా = మరమగ్గం
చెలిమె = ఇసుకలోనో నేలలోనో తవ్విన నీటి గుంట
లంక = నది మధ్య దిబ్బ
మశూచి = పెద్దమ్మవారు అనే వ్యాధి

పాఠాంత ప్రశ్నలు

1. 'గడ్డిబండి' చిత్రాన్ని మీ సొంత మాటల్లో పది వాక్యాల్లో వర్ణించండి.
2. "సీనరీ ఫొటో కాదు." ఈ మాటను పాఠంలోని ఉదాహరణతో సమర్థించండి.
3. 1826 సంవత్సరంలో ఇంగ్లండులో జరిగిన రెండు విషయాలను పోల్చి రాయండి.

చేసి చూడండి

మీ ఇంట్లో ఉన్న ఒక సీనరీ ముందు ఐదు నిమిషాలు కూర్చోండి. అందులో పని చేస్తున్నవారు ఎవరు, వారు ఎంత దూరంలో ఉన్నారు, వారి ముఖాలు కనపడుతున్నాయా అని రాసుకోండి. తర్వాత మీ ఊరిలో బొమ్మకు తగిన చోటు ఒకటి తలచుకోండి. మర్రిచెట్టు కావచ్చు, చెరువుకట్ట కావచ్చు, బడికి వెళ్లిన బాట కావచ్చు. అందులో ఎవరెవరు ఉండాలో, ఎవరు దగ్గరగా కనపడాలో ఎనిమిది వాక్యాల్లో రాయండి. బొమ్మ గీయడం వచ్చినవారు గీయండి, దాన్నే పటం కట్టించండి.

పాఠ్యగత ప్రశ్నలకు జవాబులు

1. చిన్నగా, ఏదో పనిలో ఉన్నట్టు కనిపిస్తారు.
2. లండన్.
3. దూరంగా కనిపించే చర్చి.
4. గరుకు రేకును గీకి నునుపు చేయడం వల్ల. అక్కడ సిరా నిలవదు.
5. నర్మదా నది.
6. ఆస్వాల్డ్ కూల్డ్రే.
7. అద్దానికీ బొమ్మకూ మధ్య సందు ఉంచి, చెమ్మకు కాగితం అతుక్కోకుండా కాపాడుతుంది.
8. 29.7 × 143 ÷ 122 = సుమారు 34.8 సెం.మీ. మిగిలేది 42 – 34.8 = 7.2 సెం.మీ.